తలుపు తట్టింది పోలీసు కాదు

"మళ్ళీ అల్లరి చేశావంటే తోలు తీస్తాను" అని ఒక్కసారీ అనని తల్లి తెలుగునాట ఎక్కడైనా ఉంటే ఆవిడకు శాలువా కప్పాలి. ఆ బెదిరింపు విలువెంతో అన్నావిడకూ తెలుసు, పడ్డవాడికీ తెలుసు. ఆ పడ్డవాడు డాలస్‌లో రెండో తరగతి చదువుతూ, అదే మాటను ఇంగ్లీషు చేసి టీచరుకు చెప్పినప్పుడే చిక్కు. ఇంగ్లీషులో తోలు తీయడమంటే తోలు తీయడమే.

విన్న టీచరు నవ్వి ఊరుకోవడానికి వీల్లేదు. పిల్లలకు హాని జరుగుతోందన్న సహేతుకమైన అనుమానం వస్తే చాలు, టీచర్లు, డాక్టర్లు, నర్సులు ప్రభుత్వానికి తెలపాలి. దాచితే అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ నేరం. నిజమా కాదా అని తేల్చడం వాళ్ళ పని కాదు. కాబట్టి ఫోన్లు ధారాళంగా వెళ్తాయి. 2017లో వెలువడిన ఒక అంచనా ప్రకారం అమెరికా పిల్లల్లో సుమారు 37 శాతం మంది ఇళ్ళలో, వాళ్ళకు 18 ఏళ్ళు నిండేలోపు, ఒక్కసారైనా ఇలాంటి ఫోను మీద విచారణ జరుగుతుంది. "మనలాంటి వాళ్ళింటికి ఎందుకొస్తారు" అనేవాళ్ళు ఆ అంకెను ఇంకోసారి చదువుకోవచ్చు. ఎక్కువ విచారణలు ఏమీ తేలకుండానే మూతపడతాయి. కొన్ని మాత్రం పసివాళ్ళ ప్రాణాలు నిలబెడతాయి. ఆ వ్యవస్థ అందుకే ఉంది.

తలుపు తట్టేది పోలీసు కాదు, పిల్లల రక్షణ శాఖ అయిన సీపీఎస్ కేస్‌వర్కర్. తేడా అంతా ఇక్కడుంది. సినిమాల్లో సంకెళ్ళు వేస్తూ "నువ్వు మౌనంగా ఉండొచ్చు, లాయరును పిలుచుకోవచ్చు" అని అప్పజెప్పే పాఠం క్రిమినల్ కేసులది. ఇది సివిల్ వ్యవహారం, ఆ పాఠం ఎవరూ చదవరు. టెక్సస్ 2023లో చట్టం మార్చి, విచారణ మొదట్లోనే తల్లిదండ్రులకు వాళ్ళ హక్కులు చెప్పాలంది. చాలాచోట్ల ఇప్పటికీ అడిగినవాడికే హక్కు.

మనవాళ్ళేమో అడగరు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని బయట నిలబెట్టడం మర్యాద కాదని లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, పెళ్ళినాటి నుంచి కథంతా చెబుతారు. కేస్‌వర్కర్ కాఫీ తాగినా తాగకపోయినా కథ మాత్రం రాసుకుంటారు. అందులో ఏది పోలీసుల దాకా వెళ్తుందో చెప్పలేం. కోర్టు ఉత్తర్వు ఉంటేనో, పిల్లవాడికి తక్షణ ప్రమాదం ఉంటేనో, మీరు ఒప్పుకుంటేనో తప్ప ఇంట్లోకి రాకూడదని అమెరికా కోర్టులు ఎక్కువగా చెబుతున్నాయి. మూడింటిలో తేలిగ్గా దొరికేది మీ ఒప్పుకోలే. అలాగని తలుపు ధడాలున వేస్తే "సహకరించలేదు" అన్న ముక్క ఫైలెక్కుతుంది, దాని ఆసరాతో ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. గుమ్మం దగ్గరే నిలబడి, పేరూ ఫోను నంబరూ రాసుకుని, ఆరోపణ ఏమిటో అడిగి, "మాట్లాడతాం, కానీ మా లాయరుతో కలిసి" అనడం మధ్యేమార్గం. ఈలోపు చాలా రాష్ట్రాల్లో స్కూల్లోనే పిల్లవాడితో మాట్లాడేసి ఉంటారు, మీకు కబురు తర్వాత వస్తుంది.

లాయరు దొరికాక ముందు తేల్చవలసింది భాష. "కొట్టాను" అన్న మాట తెలుగులో వీపు మీద చిన్న దెబ్బ నుంచి బెల్టు దాకా అన్నిటికీ సరిపోతుంది. అనువాదకుడు దాన్ని "బీట్" అంటే కథ మారిపోయింది. తల్లిదండ్రులు మితంగా దండించడం అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ నేరం కాదు. ఒంటి మీద గాటు, కమిలిన గుర్తు కనిపించాయా, లెక్క మారుతుంది. అందుకే ఏ చేత్తో, ఎక్కడ, ఎన్నిసార్లు అన్నది విడమరచి చెప్పాలి. పక్కింటాయన, మరీ ముఖ్యంగా ఆ పిల్లవాడే, అనువాదం చేయకూడదు. ఫెడరల్ నిధులు తీసుకునే సంస్థలు దుబాసీని ఏర్పాటు చేయాలి, మీరు అడగాలి.

కమిలిన గుర్తుల్లో మనకు ప్రత్యేకించి ఒకటుంది. మన పసిపిల్లలు చాలామందికి నడుము కింద, పిర్రల మీద నీలిరంగు మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి, పెరిగేకొద్దీ పోతాయి. వాటిని ఎరగని కళ్ళకు అవి దెబ్బల్లా కనిపిస్తాయి. పుట్టిన వారంలోనే పిల్లల డాక్టరు చేత రికార్డులో రాయించుకుంటే, ఆ ఒక్క వాక్యం పది అఫిడవిట్ల పెట్టు.

తర్వాత "సేఫ్టీ ప్లాన్" అనే కాగితం వస్తుంది. తండ్రి కొన్నాళ్ళు వేరేచోట ఉండాలనో, పిల్లవాడు బంధువులింట్లో ఉండాలనో అందులో ఉంటుంది. పేరుకు ఇష్టపూర్వకమే. సంతకం పెట్టకపోతే పిల్లవాణ్ణి తీసుకెళ్తామన్నది కూడా అదే గదిలో వినబడుతుంది కాబట్టి ఇష్టం దానంతటదే పుట్టుకొస్తుంది. ఆ కాగితాన్ని జడ్జి చూసి ఉండరు. ఎప్పటిదాకా, పిల్లవాణ్ణి చూడొచ్చా, ఎవరు రద్దు చేస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు అందులో లేకపోతే, లాయరు చూడకుండా పెన్ను తీయకూడదు.

పిల్లవాణ్ణి నిజంగానే తీసుకెళ్తే కోర్టు గడియారం మొదలవుతుంది. టెక్సస్‌లో 14 రోజుల్లో పూర్తి విచారణ జరగాలి, మిగతాచోట్ల గడువులు వేరు. తల్లిదండ్రుల హక్కులు శాశ్వతంగా తెంచేసే కేసులో సైతం ప్రతి పేదవాడికీ ప్రభుత్వ లాయరు ఇవ్వాలని రాజ్యాంగం చెప్పలేదని 1981లో లాసిటర్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. జేబుదొంగకు లాయరు ఖాయం, తల్లికి కాదు. అదృష్టం కొద్దీ చాలా రాష్ట్రాలు తమ చట్టాలతో ఆ లోటు పూడ్చాయి. లాసిటర్ మరుసటి ఏడాది శాంటోస్కీ కేసులో అదే కోర్టు, హక్కులు తెంచాలంటే స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం కావాలంది. లాయరుతో పాటు సోషల్ వర్కరు కూడా తల్లిదండ్రుల పక్షాన నిలిచిన కేసుల్లో పిల్లలు నాలుగేళ్ళలో సగటున 118 రోజులు తక్కువగా ప్రభుత్వ సంరక్షణలో, అంటే ఫోస్టర్ కేర్‌లో ఉన్నారని న్యూయార్క్ నగరంలో జరిగిన, 2019లో వెలువడిన అధ్యయనం చెప్పింది. పిల్లల భద్రత ఏమీ తగ్గలేదు. 1997 ఫెడరల్ చట్టం ప్రకారం గత 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో గడిస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, హక్కుల రద్దుకు రాష్ట్రం పిటిషన్ వేయాలి. ఆ లెక్కన 118 రోజులంటే చిన్న మాట కాదు. కోర్టు చెప్పిన పేరెంటింగ్ క్లాసుకు "నాకు నేర్పేదేమిటి" అని వెళ్ళనివాళ్ళు ఆ నెలల్ని తామే ఖర్చు చేస్తున్నారు.

వీసా మీద ఉన్నవాళ్ళకు ఇంకో ముడి ఉంది. ఫ్యామిలీ కోర్టు నిర్ణయం దానంతటది నేరనిర్ధారణ కాదు. పక్కనే నడిచే క్రిమినల్ కేసులో, "చిన్న తప్పే, ఒప్పుకుంటే ఇంటికెళ్ళిపోవచ్చు" అనిపించి తల ఊపితే చిక్కే. 1996 నుంచి పిల్లలపై హింస, నిర్లక్ష్యం కింద పడే శిక్షలు దేశం నుంచి పంపేయడానికి కారణాలు. గ్రీన్‌కార్డ్ కూడా అడ్డుకోలేదు. ఆ ప్రమాదాన్ని క్రిమినల్ లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసు తేల్చింది. కాబట్టి ఇద్దరు లాయర్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడాలి. కాన్సులేట్ మీద ఆశ పెట్టుకునేవాళ్ళు, పిల్లవాడి పాస్‌పోర్టు రంగు ఒకసారి చూసుకోవాలి. అక్కడే పుట్టినవాడు అమెరికా పౌరుడు, వాడి విషయంలో మన దౌత్యాధికారులు చేయగలిగింది తక్కువ.

ఇవన్నీ దాటి, కోర్టు గడప ఎక్కకుండానే కేసు మూసేశారనుకుందాం. కొన్ని వారాలకు పోస్టులో ఒక కవరు వస్తుంది. కేసు మూసినా "ఆరోపణ నిజమే" అని శాఖ తనంతట తాను రాసుకుని, తల్లి పేరో తండ్రి పేరో రాష్ట్ర రిజిస్ట్రీలో ఎక్కించి ఉండొచ్చు. రేపు డేకేర్‌లో ఉద్యోగానికో, స్కూల్లో వాలంటీరుగానో వెళ్ళినప్పుడు అది బయటపడుతుంది. అప్పీలుకు గడువు కొద్ది వారాలే, ఆ లెక్క ఆ కవరుతోనే మొదలవుతుంది. అయిపోయిందిలే అన్న ఊరటలో చాలా ఇళ్ళలో ఆ కవరు పిజ్జా కూపన్ల కింద, విప్పకుండానే పడి ఉంటుంది.