ముక్కుకు బరువు.. ఊపిరికి కాపు
బొగ్గుబాయిలో మాస్కు బాధలు, వాటికి విరుగుళ్లు

శ్రీరాంపూర్: మొదటి షిఫ్టు ముగిసి కార్మికులు బాయి పైకి వస్తున్నప్పుడు ముఖం చూస్తే చాలు, లోపల మాస్కు పెట్టుకున్నదెవరో, గడ్డం కిందికి జార్చుకున్నదెవరో తెలిసిపోతుంది. పెట్టుకున్నవారికి ముక్కు, నోటి చుట్టూ మాస్కు మేర తేటగా ఉంటుంది. ముక్కు దూలం మీద ఎర్రటి అచ్చు, చెంపల మీద పట్టీల గీతలు కనిపిస్తాయి. పెట్టుకోనివారి ముఖం అంతా ఒకే నలుపు. వీరికి అచ్చులు లేవు, గీతలు లేవు. చూసేవారికి వీరే సుఖపడినట్టు అనిపిస్తుంది. అయితే ఆ నలుపు ముఖంతో ఆగేది కాదు. ముఖానిది సబ్బుతో పోతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయినదాన్ని కడిగే సబ్బు లేదు.

భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టు రెండూ ఉన్న శ్రీరాంపూర్ ప్రాంతంలో దుమ్ము కొత్త సంగతి కాదు. డ్రిల్లు వేసినా, మందుపాతర పేల్చినా, యంత్రంతో బొగ్గు ఎత్తినా, డంపరు కదిలినా దుమ్ము లేస్తుంది. దానికి అడ్డు మాస్కు. కానీ ఎనిమిది గంటల షిఫ్టులో దాన్ని ముక్కు మీద నిలుపుకోవడం మాటలు కాదు. 2020లో కరోనా వచ్చాక ఊళ్లో ప్రతివారికీ ఆ సంగతి అనుభవంలోకి వచ్చింది. సంతకు పోయి వచ్చేలోపే ఉక్కిరిబిక్కిరి అయినవారు, చెమ్మస్ పట్టే కార్మికుడి పాట్లు ఊహించుకోవచ్చు.

ఊపిరి ఎందుకు ఆడనట్టుంటుంది?

మాస్కు పెట్టుకుంటే ప్రాణవాయువు అందదని, విడిచిన చెడుగాలే మళ్లీ పీలుస్తామని చాలామంది భయం. ఇందులో నిజం కొంత, అపోహ ఎక్కువ. విడిచిన గాలి కొద్దిగా మాస్కు లోపల నిలిచి మళ్లీ లోనికి పోయే మాట నిజమే. అయితే ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ప్రాణవాయువు దానివల్ల చెప్పుకోదగినంత తగ్గదని పరీక్షల్లో తేలింది.

మరి ఆయాసం ఎక్కడిది? వడపోత గుండా గాలిని లాగడానికి రొమ్ము, మెడ కండరాలు అదనంగా పనిచేయాలి. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలిస్తే, బరువు పనిలో అది 40 లీటర్లు దాటుతుంది. అంత గాలినీ ఆ వడపోత గుండానే లాగాలి. చెమటకు తడిసి, దుమ్ము పట్టి మాస్కు మందమైతే ఆ శ్రమ ఇంకా పెరుగుతుంది. షిఫ్టు మొదట్లో తేలిగ్గా ఉన్న మాస్కు చివరి గంటల్లో బరువనిపించడానికి కారణం ఇదే.

దీనికి ఉక్కపోత తోడవుతుంది. బాయి లోపల గాలిలో తేమ ఎక్కువ. తడిబల్బు ఉష్ణోగ్రత 30.5 డిగ్రీలు దాటితే సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో గాలి ఆడేలా చూడాలని, 33.5 డిగ్రీలు దాటనే కూడదని బొగ్గు గనుల నిబంధనలు పెట్టింది అందుకే. ఆ వేడిలో ముఖం మూస్తే చెమట ఆరదు. మాస్కు తీయడానికి బద్ధకించి నీళ్లు తాగడం మానుకునేవారికి తలనొప్పి, నీరసం తప్పవు. బిగుతు పట్టీల వల్ల కూడా తలనొప్పి వస్తుంది.

ఇక చర్మం సంగతి. ఒకేచోట గంటల తరబడి ఒత్తిడి పడితే ముక్కు దూలం కందిపోతుంది, ఒక్కోసారి పుండు పడుతుంది. చెమట, దుమ్ము కలిసి రాపిడి పెడితే దురద, మొటిమలు వస్తాయి. కళ్లద్దాలవారికి ఆవిరి పట్టి చూపు ఆనదు. గనిలో ఇది ప్రమాదం కూడా.

దుమ్ము చేసే పని వేరు

ఈ బాధలన్నీ మాస్కు తీసిన కాసేపటికో, ఒకటి రెండు రోజులకో పోయేవి. దుమ్ము తెచ్చే రోగం అట్లా కాదు. పెద్ద రేణువులను ముక్కు వెంట్రుకలు, చీమిడి పట్టేస్తాయి. సుమారు 5 మైక్రాన్లకన్నా సన్నని రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి కూర్చుంటాయి. తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే కంటికి కనిపించే దుమ్ముకన్నా కనిపించని దుమ్మే చెడ్డది. అది ఏళ్ల తరబడి పేరుకుంటే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దీన్నే న్యూమోకోనియోసిస్ అంటారు. రాతిలోని ఇసుక దుమ్ముతో వచ్చేది సిలికోసిస్. ఒకసారి గట్టిపడిన భాగాన్ని మళ్లీ మెత్తబరిచే మందు లేదు.

ఇక్కడే ఒక గుర్తు పెట్టుకోవాలి. మాస్కు ఆయాసం మాస్కు తీసి మంచిగాలిలో కూర్చుంటే నిమిషాల్లో తగ్గుతుంది. మాస్కు లేకుండా ఇంటి మెట్లెక్కినా, పొలం గట్టు మీద నడిచినా ఆయాసం వస్తుంటే, దగ్గు వారాల తరబడి వదలకుంటే ఆ తప్పు మాస్కుది కాదు. వెంటనే ఆసుపత్రికి పోయి ఎక్సరే తీయించుకోవాలి. 1955 నాటి గనుల నిబంధనలు ఐదేళ్లకొకసారి వైద్యపరీక్ష పెట్టింది ఈ రోగాన్ని ముందే పట్టడానికి. ఆ పరీక్షను సంతకం పెట్టి వచ్చే తంతుగా చూడరాదు.

దస్తీ చాలదు

మాస్కు వేడి భరించలేక దస్తీనో, రుమాలునో మూతికి కట్టుకునేవారున్నారు. తడిపిన దస్తీ ముతక దుమ్మును ఆపుతుంది, సన్నదాన్ని ఆపలేదు. ఎన్ 95 రకం 0.3 మైక్రాన్ల రేణువులను కూడా నూటికి 95 పాళ్లు ఆపుతుంది. అయితే అది ముఖానికి అతుక్కుంటేనే. గడ్డం పెరిగితే, కింది పట్టీ వదిలేస్తే సందుల్లోంచి దుమ్ము దారి చేసుకుంటుంది. అప్పుడు బాధ మిగులుతుంది, కాపుదల పోతుంది.

పై పట్టీ నడినెత్తికి, కింది పట్టీ చెవుల కింద మెడకు రావాలి. ముక్కు మీది రేకును రెండు వేళ్లతో నొక్కాలి. రెండు అరచేతులు మాస్కు మీద ఆనించి గట్టిగా ఊపిరి వదలాలి. కళ్ల దగ్గర గాలి తగిలితే మళ్లీ సర్దుకోవాలి. ఇట్లా కుదిరితే కళ్లద్దాలకు ఆవిరి కూడా తగ్గుతుంది. ఊపిరి వదిలే కవాటం ఉన్న రకంలో వేడి, చెమ్మ తక్కువ. ఒకసారి వాడి పారేసే రకాన్ని ఉతకరాదు. దుమ్మును లాగిపట్టే విద్యుదావేశం నీళ్లకు పోతుంది. చూడటానికి తెల్లబడినా పనికిరాదు. తడిసి మందమైతే మార్చుకోవాలి.

విశ్రాంతి కావాలంటే దుమ్ములోనే గడ్డం కిందికి జార్చడం కాదు, మంచిగాలి వచ్చే దారికి పోయి తీయాలి. నీళ్లు తాగి, ముఖం తుడుచుకుని మళ్లీ పెట్టుకోవాలి. కందినచోట కొబ్బరినూనెలాంటిది షిఫ్టు అయ్యాకే రాయాలి. ముందే రాస్తే మాస్కు జారుతుంది. ఉబ్బసం, గుండెజబ్బు, పాత క్షయ ఉన్నవారు డాక్టరును అడిగి తగిన రకం ఎంచుకోవాలి. తల తిరిగినా, రొమ్ము పట్టేసినా మొండికి పోకుండా మంచిగాలికి వచ్చి సర్దార్‌కు చెప్పాలి.

విషగాలికి ఇది అడ్డు కాదు

దుమ్ము మాస్కు దుమ్ముకే. విషవాయువును ఆపదు. ప్రాణవాయువు 19 శాతం కన్నా తగ్గినచోట అది ఎందుకూ కొరగాదు. నిప్పంటుకుని కార్బన్ మోనాక్సైడ్ కమ్మితే నడుముకున్న సెల్ఫ్ రెస్క్యూయరే దిక్కు. వడపోత రకంలో ఆ విషవాయువు ఎంత ఎక్కువుంటే లోపలి గాలి అంత వేడెక్కుతుంది. నోరు కాలుతోందని తీసేస్తే ప్రాణం పోతుంది. వేడి వస్తున్నదంటే అది పనిచేస్తున్నదనే లెక్క.

ముందు దుమ్మును చంపాలి

ఇంత చెప్పినా మాస్కు ఆఖరి అడ్డే. దుమ్మును పుట్టినచోటే అణచాలన్నది గనుల నిబంధనల మూలసూత్రం. డ్రిల్లుకు నీళ్లు, ఓపెన్‌కాస్టు రోడ్లకు ట్యాంకరు, బాయి లోపల సరైన గాలి ఉంటే మాస్కు మీద భారం, మనిషి మీద బాధ రెండూ తగ్గుతాయి. 2017 నిబంధనలు ఇసుక పాలు తక్కువున్న బొగ్గు దుమ్ముకు, ఎనిమిది గంటల సగటున, ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాముల హద్దు పెట్టాయి. తమ పనిస్థలంలో ఆ లెక్క ఎంత వచ్చిందో అడిగి తెలుసుకోవడం కార్మికుడికి తగిన పని.

బాయి పని లేని ఊళ్లకూ ఇందులో పాఠం ఉంది. పత్తి జిన్నింగు మిల్లులో, రైసుమిల్లులో, వడ్ల కోత యంత్రం వెనక, మిర్చి కల్లంలో లేచేదీ దుమ్మే. అక్కడ పనిచేసే ఆడవారికి చీరకొంగే మాస్కు. చీరకొంగూ దస్తీలాంటిదే, సన్న దుమ్మును ఆపదు.

ముక్కు మీది అచ్చు తెల్లారేసరికి పోతుంది. పింఛను తీసుకునే వయసులో మనవడి వెంట నడవాలంటే కావలసింది ఊపిరి. ఆ ఊపిరిని ఈనాటి షిఫ్టులోనే దాచుకోవాలి.