పేరు కూడా అమానతే

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. నేడు మన బిడ్డలెందరో ఆ దారిలోనే ఉద్యోగాలకు వెళుతున్నారు. అయినా వెబ్‌సైట్‌కు రెండు వేర్వేరు అద్దెలుంటాయని మాకు ఆలస్యంగా తెలిసింది.

అక్కడ పనిచేసే మా పూర్వ విద్యార్థి ఒకరు అభిమానంతో మా మద్రసాకు వెబ్‌సైట్ తయారుచేసి, తన పేరుతో, తన ఈమెయిల్‌తో నమోదు చేయించారు. ఆయన విదేశానికి వెళ్లారు. గడువు హెచ్చరికలన్నీ వాడకంలో లేని ఆ ఈమెయిల్‌కే చేరాయి. చివరకు మా పేరును మరెవరో తీసుకున్నారు.

డొమైన్ అంటే చిరునామా. హోస్టింగ్ అంటే మన పుటలను ఉంచడానికి సర్వర్‌లో అద్దెకు తీసుకున్న చోటు. సర్వర్‌ను గుర్తించేది అంకెల చిరునామా. పేరును ఆ అంకెలతో జతపరిచేది డీఎన్‌ఎస్ వ్యవస్థ. కనుక హోస్టింగ్ సంస్థను మార్చినా పేరు నిలుస్తుంది. పేరు పోతే, సామగ్రి భద్రంగా ఉన్నా, పాత చిరునామాతో వచ్చేవారికి దారి దొరకదు.

ఈ పేర్ల వ్యవస్థను ప్రపంచస్థాయిలో సమన్వయపరిచే ఐకాన్ సంస్థ 2016 నవంబరులో తన 57వ సమావేశాన్ని హైదరాబాద్‌లోనే జరిపింది. మన దేశపు ‘.ఇన్’ పేర్లను నిక్సీ నిర్వహిస్తుంది. తెలుగు లిపిలో ‘.భారత్’ కూడా ఉంది. ఏ పేరైనా శాశ్వతంగా మన సొంతం కాదు; గడువులోగా పునరుద్ధరించుకోవాలి.

కాబట్టి నమోదు సంస్థ పేరునే ఉండాలి. ఈమెయిల్ సంస్థదే కావాలి. పాస్‌వర్డ్ ఇద్దరు బాధ్యుల వద్ద, గడువు తేదీ జమాఖర్చుల పుస్తకంలో ఉండాలి. మస్జిద్ స్థలాన్ని ముతవల్లీ సొంత పేరున రాయించుకుంటే మనం అంగీకరిస్తామా? ఇదీ అంతే.