హీరో అయితే నిప్పు... ఆడపిల్లయితే కుంపటా?

‘అగ్గి’ అన్న మాట వాల్‌పోస్టరు మీద పడితే చాలు, నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు! అలాంటి కాలం ఒకటుండేది. 1954లో అన్నగారు ఎన్.టి.రామారావు ‘అగ్గిరాముడు’గా వచ్చారు. ఆ తర్వాత జానపద బ్రహ్మ విఠలాచార్య అగ్గిని ఆరనిస్తేగా! 1964లో ‘అగ్గిపిడుగు’, 1966లో ‘అగ్గిబరాటా’... కత్తి తిప్పే వీరుడికి అగ్గే ఇంటిపేరైపోయింది.

సాంఘికాల జోరు పెరిగాక అగ్గి కాస్తా నిప్పయింది. హిందీలో 1973లో వచ్చిన ‘జంజీర్’ మరుసటి ఏడే తెలుగులో ‘నిప్పులాంటి మనిషి’ అయింది. జంజీర్ అంటే సంకెల. మనవాళ్ళు సంకెల వదిలేసి నిప్పు ఎందుకు పట్టుకున్నట్టు? నాకు తోచేది ఒకటే. ‘‘వాడు నిప్పురా’’ అంటే మన జనానికి ఇంకేం చెప్పనక్కర్లేదు. లంచం ముట్టడు, మాట తప్పడు, మచ్చ లేనివాడు అన్నమాట. 1985లో కృష్ణ ‘అగ్నిపర్వతం’ అయ్యారు. 2021లో అల్లు అర్జున్ పుష్పరాజ్ తాను పువ్వు కాదు, ఫైర్ అన్నాడు. మాట ఇంగ్లీషయిందే గాని వేడి తగ్గలేదు!

మరి ఆడపిల్ల సంగతో?

ఇక్కడే నా పేచీ. మా కనిగిరిలో పెళ్ళీడు పిల్ల ఇంట్లో ఉంటే ఇరుగమ్మ పలకరింపు ఎలా ఉంటుందో తెలుసా? ‘‘ఏం వదినా, గుండెల మీద కుంపటి ఎప్పుడు దించుతావ్?’’ చూశారా! మగవాడు నిప్పయితే చప్పట్లు. ఆడపిల్ల నిప్పయితే తల్లిదండ్రులకు బరువు. అదే నిప్పు, అదే తెలుగు. మనిషి మారితే అర్థమే తిరగబడింది.

అంతటితో అయిందా? ఆ పిల్ల స్నేహితురాళ్ళతో ఫస్ట్‌షోకి వెళ్ళిందనుకోండి. మర్నాడు వీధిలో గుసగుసలు. ‘‘అబ్బే, మాకేం తెలియదమ్మా! అయినా నిప్పు లేనిదే పొగ రాదుగా...’’ ఒక్క సామెత! సాక్షి అక్కర్లేదు, రుజువు అక్కర్లేదు. ఆ దెబ్బకు కాలేజీ మానిపించిన ఇళ్ళున్నాయి. వచ్చిన సంబంధం వెనక్కి పోయిన ఇళ్ళూ ఉన్నాయి.

ఈ సామెత పట్టుకు తిరిగేవాళ్ళను మా వైపు పొగాకు బ్యారన్ల దగ్గరకు తీసుకెళ్ళాలనిపిస్తుంది నాకు. ఆకు పండి ఆరడానికి అక్కడ పగలూ రాత్రీ కట్టెలు పెట్టి మంట కాస్తారు. ఆ కాసే మనిషిని అడగండి. పచ్చికట్టె పెడితే నిప్పు గోరంత, పొగ కొండంత! అంటే పొగను చూసి నిప్పెంతో లెక్కకట్టే వీల్లేదన్నమాట. కట్టె తడి ఎంతో మాత్రం తెలుస్తుంది. పుకారూ అంతే. అది పిల్ల సంగతి చెప్పదు, చెప్పేవాళ్ళ సంగతే చెబుతుంది.

‘అగ్నిపరీక్ష’ అన్న మాట చూడండి. ఇప్పుడు టెన్త్ పరీక్షకీ అదే మాట, ఎన్నికలకీ అదే మాట. కానీ మొదట నిప్పులో దూకింది సీతమ్మే కదా! దూకి గెలిచింది. గెలిచినా ఏమైంది? 1963 నాటి ‘లవకుశ’ చూసినవాళ్ళకు తెలుసు. ఒక నోటిమాట ఆమెను అడవికి పంపింది. నిప్పు వదిలేసినా పొగ వదలలేదు!

మన తెరమీద ఆడపిల్లకు మంచి నిప్పు దొరకలేదా అంటే దొరికింది. అదీ మన ప్రకాశం జిల్లా మనిషి చేతుల మీదుగానే! దర్శకుడు టి.కృష్ణ 1985లో ‘ప్రతిఘటన’ తీశారు. పాఠాలు చెప్పుకునే లెక్చరర్‌గా విజయశాంతి నివురుగప్పిన నిప్పులా మొదలై, చివరికి గొడ్డలి పట్టింది. 1990లో ‘కర్తవ్యం’లో ఖాకీ తొడిగి జాతీయ ఉత్తమ నటి అవార్డు కొట్టింది. అప్పుడు హాల్లో మోగిన ఈలలు ఏ అగ్గిరాముడి ఈలలకు తీసిపోతాయి చెప్పండి?

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! హీరోని ‘నిప్పు’ అని తెగ మెచ్చుకోండి, తప్పులేదు. పక్కింటి పిల్లను మాత్రం కుంపటి అనకండి. అనాలనే ఉంటే ఆమెనూ నిప్పే అనండి. ఆ మాట మగవాళ్ళకే ఎవరూ రాసివ్వలేదుగా!