మామిడి నీడన మిరప దండగ - పసుపు, కంద మేలు

నందిగామ, జగ్గయ్యపేట: పాత కృష్ణా జిల్లా మెట్టలో మామిడి నాటిన తొలి నాలుగైదేళ్లు సాళ్ల మధ్య కూరగాయలు, అపరాలు పండించుకోవచ్చు. కొమ్మలు కలిశాక నేలకు ఎండ తగలదు. అక్కడ మిరప, పత్తి వేస్తే మొక్క పొడవు సాగుతుందే తప్ప కాపు ఉండదు. విత్తనం, కూలి రెండూ దండగే.

అలాగని ఆ నేలను బీడు పెట్టనక్కర లేదు. పసుపు, అల్లం, కంద కొంత నీడకు ఓర్చుకుంటాయి. కొవ్వూరులో ఎంపిక చేసిన ‘గజేంద్ర’ రకం కంద దురద పెట్టదు. మామిడి కాయ కోత ముగిశాక, జూన్‌లో, చెట్టు మొదళ్లకు దూరంగా నాటాలి. బొత్తిగా ఎండపొడ పడని చోట దుంప ఊరదు. నల్లరేగడిలో నీరు నిలిస్తే కుళ్లుతుంది. బోదెలు తోలి మురుగు తీయాలి.

పూతకు ముందు మామిడికి నీరు ఆపాలి. దుంపకు తడి కావాలి. కాబట్టి పాదులు తడవకుండా సాళ్ల మధ్యనే నీరు పెట్టాలి. అందుకు వీలు లేని తోటలో ఈ పంటలు వేయకపోవడమే లాభం.