చెట్టుకు వాడిన నీరు



మాది నల్లమల యంచుననున్న అచ్చంపేట ప్రాంతము. మెట్టనేలలవారికి నీటి విలువ నొకరు బోధింపనక్కరలేదు. ఒక వేసవిని, ఊరి బోరుబావి నీటిని ట్యాంకరులో నింపి ఉద్యానములోని మొక్కలకు పోయుచుండగా చూచితిని. బిందెతో వరుసలో నిలిచియున్న యొక అవ్వ, "పంతులూ, చెట్టుకున్న విలువ నాకు లేకపాయెనా?" అని యడిగినది. ఆనాడు నాకు సమాధానము తోచలేదు.

2020 నుండి తెలంగాణములో ఊరూర పల్లె ప్రకృతి వనములు వెలసినవి. ఎండలు మెండైన సీమలో చెట్లు కావలసినవే. కాని వానికి త్రాగునీరే పోయవలెనా?

కొంచెము లెక్క చూతము. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథలో గ్రామములందు మనిషి కొక్కంటికి దినమునకు 100 లీటర్లు నిర్ణయించిరి. ఇంటికి వచ్చిన నీటిలో అయిదింట నాలుగు పాళ్లు వాడిన నీరుగా వెలికి పోవునని ఇంజనీర్ల లెక్క. ఆ చొప్పున వేయిమంది గల యూరిలో దినమునకు 80,000 లీటర్లు. అందులో సగము దారిలో ఇంకిపోయినను, 5,000 లీటర్లు పట్టు ట్యాంకరులు ఎనిమిది నిండును. నేడు ఆ నీరు వీధికాలువలో నిలిచి దోమలను పెంచుచున్నది.

ఇది క్రొత్త యూహ కాదు. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఇసుకదిబ్బలపై పెంచిన గోల్డెన్ గేట్ ఉద్యానము కొరకు 1932లోనే మురుగును శుద్ధిచేయు కేంద్రమును కట్టిరి. మన దేశమున చండీగఢ్ నగరములో ఉద్యానములకు, పచ్చికబయళ్లకు శుద్ధిచేసిన నీరు ప్రత్యేకమైన గొట్టములలో వచ్చును.

అట్లని మురుగును ఉన్నదున్నట్లు పారించుట తగదు. హైదరాబాదు మురుగును మోసికొని నల్లగొండ సీమకు వచ్చు మూసీనది నీటితో రైతులు దశాబ్దములుగా వరిని, పశుగ్రాసమును పండించుచున్నారు. ఏడాది పొడవునను నీరు దొరకుట వారికి మేలే. కాని ఉప్పు నేలకు పట్టును. ఆ మడులలో దిగి పనిచేయువారికి కొంకిపురుగుల బెడద హెచ్చని పరిశోధకులు కనుగొనిరి.

నేనును ఒకప్పుడు తప్పు చేసితిని. ఉపాధ్యాయుడనై యున్న దినములలో కాలువనీటిని గుంటలో నిలిపి, తేరినంతనే బడితోటకు మరల్చితిని. వట్టికాళ్లతో తోటపని చేసిన పిల్లలకు కాళ్లు దురదలెత్తి పొక్కినవి. వరాహమిహిరుని బృహత్సంహితలో నీటిని తేర్చుటకు చిల్లగింజ చెప్పబడినది. దానిని చదివిన నాకు, తేట వేరు, శుద్ధి వేరు అని ఆ పిల్లల కాళ్లను చూచినపిమ్మటగాని తెలియలేదు.

ఊరికి తగిన విధానమిది. స్నానము చేసిన నీరు, బోళ్లు కడిగిన నీరు మాత్రమే మరల్చవలెను. మరుగుదొడ్డి నీటిని ఇందు కలుపరాదు. దానికి వేరుగా శుద్ధి కావలెను. మొదట జల్లెడతో చెత్తను ఆపి, తొట్టిలో మడ్డిని దిగనీయవలెను. పిదప కంకరమడిలో మెట్టతామరను గాని జమ్మును గాని పెంచి, దాని గుండ నీటిని మెల్లగా నడపవలెను. వేళ్లను, కంకరను అంటియుండు సూక్ష్మజీవులు మలినమును తినివేయును.

అట్టి నీటిని చెట్ల మొదళ్లకే, పిల్లలు ఆడి వెళ్లినపిదప, నేలబారుగా పారింపవలెను. చిమ్మరాదు, ఆకుకూరలకు పోయరాదు. దాని గొట్టమును త్రాగునీటి గొట్టముతో ఎన్నడును కలుపరాదు. గుర్తుగా వేరు రంగు వేయవలెను. అనేక దేశములలో ఊదారంగు వేయుదురు. నేలపై తెల్లని పొర కనబడెనా, ఉప్పు చేరుచున్నదని యెరిగి ఆ నీటిని కొంతకాలము ఆపవలెను. మంచి వాన పడినచో ఉప్పు క్రిందికి దిగును. తొట్టిలోని మడ్డిని తీయుటకు పంచాయతీ ఒకరిని నియమింపవలెను. ఆ పని ఆగినచో అంతయు మరల మురుగుగుంట యగును.

ఆ అవ్వకు నేడు నేను చెప్పగల సమాధానమిది: "అవ్వా, బిందెనీరు నీది. నీవు బోళ్లు కడిగిన నీరు చెట్టుది." ఈ మాటను నిజము చేయుట పెద్దలైన మీ చేతిలో నున్నది.