నీలోఫర్ పేరు వెనుక ఒక సముద్రతీర నగరం

మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పసిబిడ్డకు జబ్బు ముదిరితే డాక్టరు చెప్పే మాట ఒకటే. 'నీలోఫర్‌కు తీసుకుపోండి.' మేమూ ఒకసారి మనవడిని ఒడిలో పెట్టుకుని రాత్రి బస్సులో అలాగే బయలుదేరాము. ఆసుపత్రి వరండాలో మంచిర్యాల నుండి వచ్చిన ఒక తల్లి, "నీలోఫర్ అంటే ఎవరు మౌల్సాబ్? డాక్టరమ్మనా?" అని అడిగింది. జవాబు చెప్పాలంటే మధ్యధరా సముద్రం దాకా పోవలసి వచ్చింది.

ఫ్రాన్సు దక్షిణ తీరాన నీస్ అనే నగరం ఉన్నది. గ్రీకులు నెలకొల్పిన పాత రేవు. 1543లో ఉస్మానియా నౌకాధిపతి ఖైరుద్దీన్ బార్బరోసా ఫ్రాన్సు రాజు పక్షాన దానిని ముట్టడించాడు. ఊరు లొంగింది, కొండమీది కోట లొంగలేదు. అల్లాహ్ లీలలు చూడండి. అదే ఉస్మానియా వంశపు చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ 1924లో అదే నగరానికి దిక్కులేని అతిథిగా చేరాడు. ఆ ఏడాది మార్చి 3న టర్కీ శాసనసభ ఖిలాఫత్‌ను రద్దుచేసి ఆయనను దేశం దాటించింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయనకు నెలకు 300 పౌన్ల పింఛను ఏర్పాటు చేశారు. ఆ ఖజానాలో మన జిల్లాల రైతులు కట్టిన శిస్తు కూడా ఉన్నది. ఆ మాట ఎవరూ తలవరు.

మౌలానా షౌకత్ అలీ మధ్యవర్తిత్వంతో సంబంధం కుదిరింది. 1931 నవంబరు 12న నీస్‌లో రెండు నికాహ్‌లు జరిగాయి. నిజాం పెద్ద కుమారుడు ఆజం జాకు ఖలీఫా కుమార్తె దుర్రె షెహ్‌వార్, చిన్న కుమారుడు మొఅజ్జం జాకు సుల్తాన్ ఐదవ మురాద్ మునిమనవరాలు నీలోఫర్. మహర్ దగ్గర బేరం సాగిందంటారు. అదైనా అమ్మాయికి ఇచ్చే సొమ్ము మీది బేరం. మనవాళ్ళు 'జోడే కీ రఖమ్' అంటూ అమ్మాయి తండ్రినే పిండుతున్నారు! దుర్రె షెహ్‌వార్‌కు 17 ఏళ్ళు, నీలోఫర్‌కు 15. ఈనాటి మన చట్టం ఆ పెళ్ళిళ్ళను ఒప్పుకోదు. కొత్త జంటలు ఎక్కిన ఓడలోనే రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని గాంధీజీ బొంబాయికి తిరిగి వచ్చారు.

దుర్రె షెహ్‌వార్ మొదటి కుమారుడు ముకర్రం జా 1933లో నీస్‌లోనే పుట్టాడు. 2023లో మక్కా మసీదు ఆవరణలో ఖననమయ్యాడు. నీలోఫర్‌కు మాత్రం సంతానం కలగలేదు. 1949లో ఆమె పరిచారిక ఒకతె కాన్పులో చనిపోయింది. రాజభవనంలో పనిచేసే మనిషికే సమయానికి వైద్యం అందలేదంటే బయటి తల్లుల సంగతేమిటని ఆమె తల్లడిల్లింది. స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి కావాలని పట్టుబట్టింది. 1953లో ఆసుపత్రి వెలిసింది. అప్పటికే, 1952లో, భర్తతో విడాకులు జరిగిపోయాయి. 1989లో పారిస్‌లో కన్నుమూసింది.

ఆ తల్లి అంతా విని, "అయితే ఆమెకు ఒక్క బిడ్డ కూడా లేదా?" అన్నది. లేదన్నాము. ఆమె తన పిల్లవాడి మీది దుప్పటి సర్దింది. అంతలో నర్సు మా మనవడి పేరు పిలిచింది.