సస్పెన్షన్ ఉన్నంత మాత్రాన మౌంటెన్ బైక్ అయిపోదు

వేసవి దగ్గరపడగానే అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా మొదలవుతుంది. “షాపులో 900 డాలర్లు చెప్పే మౌంటెన్ బైకూ, ఆన్‌లైన్‌లో 250కి వచ్చేదీ ఒకటే బ్రో. రెండూ చైనా సరుకే. పైగా దీనికి ముందూ వెనకా రెండు షాకులున్నాయి. షాపువాళ్ళు పేరు చెప్పి దోచుకుంటారు.” దాని కింద లైకులే లైకులు. వారం తిరక్కుండా గరాజులో అట్టపెట్టె దిగుతుంది. శనివారం మధ్యాహ్నం బిగింపు, ఆదివారం పొద్దున్నే పిల్లాడితో సహా రాళ్ళదారి. ఈ సలహా వల్ల డబ్బు ఒక్కటే పోతే ఊరుకోవచ్చు. పిల్లల మణికట్లూ పెద్దల భుజాలూ పోతున్నప్పుడు ఊరుకోకూడదు.

ఆర్కన్సాలోని బెంటన్‌విల్ సంగతి తీసుకోండి. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి ఆ కంపెనీలోనూ, దానికి సరుకూ సాఫ్ట్‌వేరూ అందించే సంస్థల్లోనూ పనిచేసే తెలుగు కుటుంబాలు అక్కడ బాగానే ఉన్నాయి. 2007లో స్లాటర్ పెన్ ట్రైల్స్‌తో మొదలైన సందడి వాల్‌మార్ట్ స్థాపించిన వాల్టన్ కుటుంబం అండతో పెరిగి, ఇవాళ ఆ ఊరు తనను ప్రపంచ మౌంటెన్ బైకింగ్ రాజధాని అని చెప్పుకునే దాకా వచ్చింది. ఇంటి ముందే అడవిదారి ఉంటే సైకిల్ కొనాలని ఎవరికైనా అనిపిస్తుంది. అనిపించాలి కూడా.

అక్కడ ఒక ట్రైల్ మొదట్లో, తండ్రితో వచ్చిన పన్నెండేళ్ళ కుర్రాడి సైకిల్ నా కంట పడింది. బ్రేకు చేతులు ఫోర్కు ముందువైపు ఉండాలి, వెనకవైపు ఉన్నాయి. ముందు చక్రం పెడళ్ళ దగ్గరికి జరిగిపోయి ఉంది. హ్యాండిల్ కాస్త తిప్పితే బూటు కొన టైరుకు తగులుతోంది. అంటే ఫోర్కును వెనక్కి తిప్పి బిగించేశారన్నమాట. దిగుడులో ఒక్క మలుపు చాలు, పిల్లాడు హ్యాండిల్ మీంచి అవతల పడడానికి. “డబ్బాలో వచ్చిందండీ, నేనే బిగించాను. రెండు వారాల నుంచి బాగానే తొక్కుతున్నాడు” అన్నాడు తండ్రి. చదువుకున్న మనిషి, జాగ్రత్త గల మనిషి. ఆయన తప్పేముంది? బిగింపు చాలా తేలికని ఆయనకు నలుగురూ చెప్పారు. అలెన్ కీలతో సరిచేయడానికి పావుగంట పట్టింది.

ఇక ఆ సలహాను ముక్కలు ముక్కలుగా చూద్దాం.

‘అన్నీ ఒకే ఫ్యాక్టరీ సరుకు’ అన్నమాటలో సగం నిజముంది. అమెరికాలో అమ్ముడయ్యే సైకిళ్ళలో ఇక్కడ తయారయ్యేవి చాలా తక్కువ. ష్విన్, ట్రెక్ బ్రాండ్లకు ఒకప్పుడు సైకిళ్ళు చేసిపెట్టింది తైవాన్‌కు చెందిన జయంట్. స్పెషలైజ్డ్ కంపెనీలో 2001లో పెద్ద వాటా కొన్నది తైవాన్‌దే అయిన మెరీడా. కానీ ఫ్యాక్టరీ తన ఇష్టం వచ్చినట్టు సైకిల్ చేయదు. అడిగినవాళ్ళు ఏ ధరకు, ఏ పనికి అడిగితే దానికి తగ్గట్టు చేసి పంపుతుంది. దేశం పేరు చూసి నాణ్యత తేల్చడం కుదరదు, చైనా అని తిట్టడానికైనా, చైనాయే కదా అని సమాధానపడడానికైనా.

తేడా ఎక్కడుందో వెనక చక్రం దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది. చవక సైకిల్‌కు వెనక ఏడు పళ్ళచక్రాల గుత్తి ఉంటుంది. సాధారణంగా అది హబ్బు మీద స్క్రూలా తిప్పి బిగించే ఫ్రీవీల్. అందులో కుడివైపు బేరింగు లోపలికి ఉండిపోయి, ఇరుసు కొసకు ఆసరా దొరకదు. ఎనభై కిలోల మనిషి అడుగెత్తు రాతి మీంచి నాలుగుసార్లు దిగితే ఆ ఇరుసు వంగొచ్చు, ఒక్కోసారి విరగొచ్చు. ట్రైల్ సైకిల్‌లో క్యాసెట్ హబ్బు వాడతారు. బేరింగు చివరి దాకా జరిగి ఉంటుంది కాబట్టి ఇరుసు అంత తేలిగ్గా వంగదు. ఈ తేడా ఫోటోలో కనపడదు. ఫోటోలో కనపడేవి ఎర్రరంగు స్ప్రింగులూ లావుపాటి టైర్లే.

ఆ స్ప్రింగుల సంగతే మరీ ముఖ్యం. సస్పెన్షన్ చేయాల్సిన పనులు రెండు: దెబ్బను మింగాలి, మింగాక నెమ్మదిగా తిరిగి లేవాలి. ఆ రెండో పని చేసేది లోపలి నూనె, కవాటాలు. వాటికే డబ్బు అవుతుంది. 250 డాలర్ల సైకిల్‌లో చాలాసార్లు ఒట్టి స్ప్రింగే ఉంటుంది. గతుకు తగలగానే అణిగి, అంతే జోరుగా మనిషిని పైకి ఎగరేస్తుంది, చక్రం నేలను వదిలేస్తుంది, అప్పుడు బ్రేకు పట్టుకున్నా లాభం లేదు. రెండు షాకులుంటే ఈ ఇబ్బంది రెండింతలు. పైగా బరువు దాదాపు 18 కిలోలకు చేరుతుంది. ఆ ధరలో వెనక షాకు లేని సైకిలే ఎప్పుడూ మేలు. డబ్బు ఫోర్కుకూ బ్రేకులకూ మిగులుతుంది.

‘అంత పనికిరానిదైతే ప్రభుత్వం అమ్మనిస్తుందా?’ అని అడుగుతారు. అమ్మనిస్తుంది. 1970ల నుంచీ ఇక్కడ సైకిళ్ళకు వినియోగదారుల భద్రతా సంఘం నిబంధనలున్నాయి. చేతి బ్రేకు పరీక్షలో గంటకు 15 మైళ్ళ వేగం నుంచి 15 అడుగుల్లో ఆగాలి. ఆ పరీక్ష జరిగేది పొడిగా, శుభ్రంగా, నున్నగా ఉన్న చదును రోడ్డు మీద. అందులో గట్టెక్కినంత మాత్రాన తడి మట్టిలో, చెట్టువేళ్ళ మీద, దిగుడులో ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఏ సైకిల్ దేనికి పనికొస్తుందో చెప్పడానికి ఏఎస్‌టీఎం ప్రమాణం ఒకటుంది. 1 అంటే తారురోడ్డు, 2 అంటే కంకరదారీ చిన్నపాటి గతుకులూ, 3 నుంచి అసలైన రాళ్ళదారులు, 5 అంటే ఎత్తుల మీంచి దూకడాలు. ఆ అంకెగానీ బొమ్మగానీ ఫ్రేము మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. పేరులో మౌంటెన్ అని పెట్టుకున్న చాలా చవక సైకిళ్ళ మాన్యువళ్ళలో రాళ్ళదారుల మీద తొక్కొద్దనీ ఎగిరించొద్దనీ కంపెనీయే రాసిపెడుతుంది. అట్టపెట్టెతో పాటు ఆ పుస్తకాన్నీ పారేసి, తర్వాత దెబ్బ తగిలితే ఎవరిని అడుగుతారు?

‘పేరున్న బ్రాండే తీసుకున్నాం కదా’ అన్నది ఇంకో ధైర్యం. ష్విన్ 1895లో షికాగోలో పుట్టింది. 1992లో దివాలా తీసింది, 2001లో మళ్ళీ తీసింది. ఆ పేరు పసిఫిక్ సైకిల్ చేతికీ, 2004లో కెనడాకు చెందిన డోరెల్‌కీ, 2022లో డచ్చి కంపెనీ పాన్‌కీ చేరింది. మంగూస్ 1970లలో కాలిఫోర్నియాలో బీఎంఎక్స్ పిల్లల కోసం మొదలైన పేరు. ఆ పేరుకూ చేతులు మారడమే కథ. పేరు వందేళ్ళు నిలబడొచ్చు. మీరు కొనే మోడల్ ఏ పనికి చేశారన్నది వేరే ప్రశ్న, ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న.

మనవాళ్ళ నోట వచ్చే వాదన ఇంకొకటుంది: “ఊళ్ళో హీరో సైకిల్ మీద చేలగట్ల వెంట తొక్కలేదా? వెనక వడ్లబస్తా కూడా వేశాం.” తొక్కాం, నిజమే. చదునునేల మీద, నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో, దిగి నడిపించాల్సిన చోట దిగి నడిపిస్తూ తొక్కాం. ఆ సైకిల్ బరువు మోయడానికి చేసింది, మోసింది. 1976లో కాలిఫోర్నియా మారిన్ కౌంటీలో రీప్యాక్ కొండ దిగిన కుర్రాళ్ళు కూడా పాత బండసైకిళ్ళే వాడారు. ఒక్క దిగుడుకే హబ్బు బ్రేకులోని గ్రీజు కాలి పొగై పోయేది, కింద మళ్ళీ గ్రీజు కూరుకోవాల్సి వచ్చేది. ఆ కొండకు రీప్యాక్ అన్న పేరు అలానే వచ్చింది. పాత సైకిళ్ళు చాలవని తేలాకే జో బ్రీజ్, టామ్ రిచీ, గ్యారీ ఫిషర్ లాంటివాళ్ళు కొండదారుల కోసం కొత్త సైకిళ్ళు తయారు చేశారు.

బిగింపు దగ్గరికి వద్దాం. చాలామంది దాన్ని అలమరా బిగించినంత తేలిగ్గా తీసుకుంటారు. ఎడమ పెడల్ మర ఎదురు దిక్కుకు తిరుగుతుందని తెలియక, బలం పెట్టి బిగించి, క్రాంకు మర చెడగొట్టినవాళ్ళు ఎంతమందో. అలాంటి పెడల్ మొదటి నెల బాగానే ఉంటుంది, ఎక్కుడులో నిలబడి తొక్కినప్పుడు ఊడిపోతుంది. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టులను వదులుగా వదిలినా, మరీ బిగించి చెడగొట్టినా హ్యాండిల్ మీద అదుపు ఉండదు. ఆన్‌లైన్‌లో కొంటే కొనండి, డబ్బా మాత్రం నేరుగా సైకిల్ షాపుకు తీసుకెళ్ళండి. ‘బయట కొన్నది షాపువాళ్ళు ముట్టుకోరు’ అన్నది చాలా చోట్ల అబద్ధం, డబ్బు తీసుకుని బిగిస్తారు. ఊరిని బట్టి వంద డాలర్లకు అటూ ఇటూగా అవుతుంది. చవక సైకిల్‌కు ఆ ఖర్చూ, ఏడాదిలో చక్రం, బ్రేకులు మార్చిన ఖర్చూ కలిపితే చారానా కోడికి బారానా మసాలా లెక్క తేలుతుంది.

ఇష్టం లేకపోయినా ఒకటి ఒప్పుకోవాలి. అదే డబ్బుకు ఆన్‌లైన్‌లో మంచి సామాను దొరుకుతుందన్న మాట చాలాసార్లు నిజమే. 2017 నుంచి అమెరికాలో నేరుగా అమ్ముతున్న కాన్యన్ లాంటి కంపెనీలు షాపు కమీషన్ లేని ధరకే మంచి ఫోర్కూ బ్రేకులూ ఇస్తాయి. కరోనా కాలపు గిరాకీ చూసి కంపెనీలు తెగ చేసిపెట్టుకున్న సరుకు తర్వాత మిగిలిపోయి, భారీ తగ్గింపులు కూడా వచ్చాయి. పెద్ద స్టోర్లలోనూ అంతా చెత్తే అనడం న్యాయం కాదు: 2024లో వాల్‌మార్ట్ ఓజార్క్ ట్రైల్ పేరుతో తెచ్చిన రిడ్జ్ సైకిల్ 398 డాలర్లకే హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది, ఆ ధరకు అది మంచి సైకిల్. అయితే అది వెనక షాకు లేని సైకిల్ అన్నది గమనించండి. ఇంకో సంగతి. కాన్యన్ కొని మంచి బేరం చేసుకునేవాళ్ళకు తమ సైజు తెలుసు, టార్క్ రెంచి వాడటం తెలుసు. మొదటి సైకిల్ కొనేవాళ్ళకు అవి తెలియవు. వాళ్ళకు ఆ ఆదా షాపులోనే దక్కుతుంది: సైజు కొలిచి ఇస్తారు, తొక్కి చూడనిస్తారు, చాలా షాపులు మొదటి సర్వీసు ఉచితంగా చేస్తాయి.

షాపు సైకిల్‌కు లోపమే ఉండదనీ అనుకోకండి. 2015లో ట్రెక్ ముందు చక్రపు క్విక్ రిలీజ్ లోపంతో అమెరికాలో దాదాపు 9 లక్షల సైకిళ్ళను రీకాల్ చేసింది. ఆ లివరు పూర్తిగా తెరుచుకుంటే డిస్కులో ఇరుక్కుని చక్రం ఆగిపోయే ప్రమాదం ఉంది. డీలర్లు దాన్ని ఉచితంగా మార్చిచ్చారు. తప్పు జరిగితే వెనక్కి పిలిచే కంపెనీ, వెళ్ళి తలుపు తట్టే డీలరు ఉండడం ముఖ్యం. పలకడానికే రాని పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ ఏడాది తర్వాత ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు? కొన్నది ఎక్కడైనా సీరియల్ నంబరు కంపెనీ దగ్గర రిజిస్టర్ చేయించండి. దాన్ని పెడళ్ళ మధ్య గొట్టం కింద చూడండి.

చిన్నా చితకా అపోహలు కొన్ని. గేర్లు ఎక్కువుంటే మంచిదన్నది పాత మాట, ఇవాళ్టి మంచి ట్రైల్ సైకిళ్ళకు ముందు ఒకే చక్రం, వెనక పదో పన్నెండో. ఎదిగే పిల్లాడు కదా అని పెద్ద సైజు కొనడం చొక్కాకు పనికొస్తుంది, కాళ్ళు నేలకు అందని సైకిల్‌కు పనికిరాదు. చైనా నుంచి 800 డాలర్ల లోపు తెప్పిస్తే సుంకం పడదన్న లెక్క 2025లో పోయింది. అమెరికా షాపుల్లో బేరం ఉండదనీ అంటారు, నిరుటి మోడల్ ఉందా అని అడిగి చూడండి.

కొనబోయేవాళ్ళకు నా మాట ఇది. మట్టిదారి తొక్కాలని నిజంగా ఉంటే, ముందు ఒక పూట అద్దె సైకిల్ మీద తొక్కండి. తర్వాత 600 నుంచి 1000 డాలర్ల మధ్య, వెనక షాకు లేని, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్న సైకిల్ షాపులో చూడండి. అంత పెట్టలేకపోతే అదే రకం పాతది వెతకండి. కొనే ముందు దాని సీరియల్ నంబరు బైక్ ఇండెక్స్ వెబ్‌సైట్‌లో కొట్టి దొంగసొత్తేమో చూసుకోండి, షాపు మెకానిక్‌కు చూపించండి. భద్రతా సంఘం ముద్ర లేని హెల్మెట్ కొనకండి. 1999 నుంచి హెల్మెట్లకు అది తప్పనిసరి.

ఇప్పటికే చవకది కొన్నవాళ్ళు పారేయనక్కర్లేదు. బెంటన్‌విల్ మీదుగా వెళ్ళే రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే లాంటి తారుదారుల మీద, పార్కుల్లో హాయిగా తొక్కండి, రాళ్ళలోకి మాత్రం దింపకండి. ఈ సాయంత్రం పిల్లల సైకిల్ ఒకసారి బయటికి తీయండి. ఫోర్కు ముందుకే ఉందా? రిమ్ము బ్రేకైతే దాని చేతులు ఫోర్కు ముందున్నాయా? డిస్కు బ్రేకైతే కాలిపర్ ఎడమ కాలు వెనక ఉందా? ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని హ్యాండిల్ తిప్పితే జారుతోందా? ఎడమ పెడల్ వంకరగా ఎక్కిందా? ఒక్కదాని మీద అనుమానం వచ్చినా, మెకానిక్ చూసేదాకా పిల్లల్ని దాని మీద ఎక్కించకండి.